అరకు డే రైడ్, 22 బళ్ళు, మధ్యాహ్నం అందరూ ఒకేచోట తినాలి... ఎలా ప్లాన్ చెయ్యమంటారు?

గేర్‌పెడల్:

అందరికీ నమస్తే. మాది వైజాగ్, ఎక్కువమందిమి గాజువాక వైపు వాళ్ళం. పేరుకి క్లబ్బు గానీ బోర్డూ లేదు జాకెట్లూ లేవు, ఒక వాట్సాప్ గ్రూపు అంతే, ఎప్పుడైనా ఆదివారం పొద్దున్నే భీమిలి వెళ్ళి టిఫిన్ తినేసి వచ్చేసేవాళ్ళం. ఇప్పుడు కార్తీకమాసం కదా, ఆఫీసులో వాళ్ళందరూ వనభోజనాలకి బస్సులు మాట్లాడుకుంటన్నారు, మనం బళ్ళ మీద అరకు పోదాం అని ఎవడో గ్రూపులో పడేశాడు, సరదాకి అన్నాడనుకున్నాను, రెండ్రోజులు తిరిగేసరికి 22 బళ్ళు తేలాయి, వెనక కూచునేవాళ్ళతో కలిపి 35 మంది. ప్లానింగ్ తెచ్చి నా నెత్తిన పెట్టారు.

బళ్ళు చూస్తే ఒకదానికొకటి సంబంధం లేదు. క్లాసిక్ 350లు కొన్ని, ఒక హిమాలయన్, రెండు డ్యూకులు, మిగతావి పల్సర్లు, షైన్లు, ఒక యాక్టివా మీద మొగుడూ పెళ్ళాం. డ్యూక్ కుర్రాళ్ళు ఎస్.కోట (శృంగవరపుకోట) దాటారంటే ఇంక కనపడరు, యాక్టివా ఘాట్ ఎక్కేసరికి వీళ్ళు అరకులో కాఫీ తాగేసి సెల్ఫీలు పెట్టేస్తారు.

తిండి దగ్గర ఇంకో గొడవ. సగం మంది కార్తీకం, నీచు ముట్టరు. మిగతా సగం మంది బొంగులో చికెన్ తినకపోతే అరకు ఎందుకు అంటన్నారు. అందరం ఒకచోట కూచుని తినాలన్నదే అసలు ఈ రైడ్ పెట్టుకున్నది, అది మటుకు పోకూడదు. ఇప్పుడు ఎన్నింటికి బయల్దేరాలి, అందరం ఒక లైన్లో వెళ్ళాలా లేక ఎవడి స్పీడులో వాడు వెళ్ళి పైన కలుసుకోవాలా, భోజనం ఇళ్ళ దగ్గర్నుంచి మోసుకెళ్ళాలా అక్కడ ఎవరికైనా చెప్పి వండించాలా, డబ్బులు ముందే తీసుకోవాలా... తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

---

చైన్‌లూబ్:

35 మందా. గురూ అది రైడ్ కాదు, పెళ్ళివారు తరలి వెళ్తన్నట్టు ఉంది. మేళం కూడా మాట్లాడుకోండి.

---

స్వీప్‌లో_ఉంటా:

పైన ఆయన నవ్వులాటకి అన్నా అందులో నిజం ఉంది, 22 బళ్ళు ఒక లైన్లో పోవడం అనేది జరిగే పని కాదు. ముందు ఆ ఆలోచన తీసెయ్యండి.

నేనైతే రైడ్‌ని భోజనం దగ్గర్నుంచి వెనక్కి లెక్కేస్తాను. ఎక్కడ తింటాం, ఎన్నింటికి తింటాం అన్నది తేలితే మిగతావన్నీ వాటంతట అవే తేల్తాయి. కార్తీకంలో మన వైపు అయిదున్నరకల్లా పొద్దు పోతుంది, ఘాట్లో కొండ చాటున ఇంకా ముందే చీకటి పడిపోద్ది, దానికితోడు మంచు దిగిందంటే ముందు బండి బ్రేక్ లైటు కూడా కనపడదు. కాబట్టి మధ్యాహ్నం రెండున్నరకి మీరు అరకు నుంచి బయటపడాలి, మూడు దాటకూడదు. అంటే పన్నెండున్నరకి విస్తరాకు ముందు కూచోవాలి. అంటే పదకొండున్నరకి ఆఖరి బండి కూడా పైకి చేరాలి. వైజాగ్ ఎన్‌ఏడీ జంక్షన్ నుంచి అరకు 110 కిలోమీటర్ల చిల్లర, ఒంటరిగా అయితే మూడు గంటల పని, మీ గుంపుకి ఆగడాలు అన్నీ కలిపి అయిదున్నర గంటలు వేసుకోండి. అంటే ఆరుకి బండి కదలాలి. ఆరుకి రమ్మనడం కాదు, ఆరుకి కదలడం. అయిదున్నరకి రమ్మనండి.

కలిసే చోటు ఊళ్ళో పెట్టకండి. గాజువాకలో కలిస్తే ఎన్‌ఏడీ దాటేలోపే సిగ్నళ్ళ దగ్గర నాలుగు ముక్కలవుతారు. గోపాలపట్నం, వేపగుంట ఎవరి దారిన వాళ్ళు దాటొచ్చి పెందుర్తి దాటాక ఎక్కడైనా ఖాళీగా ఉన్న పెట్రోల్ బంకు పక్కన కలవండి, ట్యాంకులు ఫుల్ చేసుకునే రమ్మని చెప్పండి, లేకపోతే 22 బళ్ళు బంకులో వరస కట్టి అరగంట అక్కడే తినేస్తాయి. తర్వాత మళ్ళీ ఎస్.కోటలో టిఫిను. అదే ఘాట్‌కి ముందు చివరి పెద్ద ఊరు, గాలి గీలి చూసుకోవాలన్నా పంక్చర్ వేయించాలన్నా అక్కడే. క్లాసిక్‌లలో స్పోక్ వీలు ఉన్నవాటికి లోపల ట్యూబు ఉంటుంది, ట్యూబ్‌లెస్ కిట్టు వాటికి పనికిరాదు, ఒక స్పేర్ ట్యూబు ఎవడో ఒకడి బ్యాగులో ఉండాలి.

గుంపుని మూడు ముక్కలు చెయ్యండి, ఏడెనిమిదేసి బళ్ళు. ఒక్కోదానికీ ముందు ఒకడు, వెనక ఒకడు. ముందువాడు దారి తెలిసినవాడైతే చాలు, వెనకవాడే (స్వీప్ అంటారు) అసలైనవాడు. వాణ్ణి దాటి ఎవరూ వెనకపడకూడదు, బండి ఆగితే వాడు ఆగుతాడు, అందరికంటే ఓపిక ఉన్నవాణ్ణి చూసి పెట్టండి. యాక్టివా లాంటి నెమ్మది బండిని చివర పెడితే జీవితాంతం వెంటపడి పట్టుకోవాల్సిందే, దాన్ని ముందువాడి వెనకాలే రెండో నంబర్లో పెట్టండి, అప్పుడు మొత్తం గుంపు దాని స్పీడులో పోద్ది.

మలుపుల దగ్గర తప్పిపోకుండా ఒక పద్ధతి ఉంది. దారి చీలే చోటు రాగానే ముందువాడు పక్కన ఉన్న బండికి చెయ్యి చూపిస్తాడు, ఆ బండి అక్కడ రోడ్డు దిగి ఆగిపోయి వచ్చేవాళ్ళందరికీ ఇటు అని చూపిస్తా ఉంటాడు, చివరి బండి వచ్చాక దానికి ముందు కలిసిపోతాడు. కొత్తవలసలో ఒకడు, ఎస్.కోటలో ఒకడు, పైన బొర్రా రోడ్డు విడిపోయే చోట కచ్చితంగా ఒకడు ఉండాలి, అక్కడ తప్పిన వాళ్ళు గుహల దగ్గరికి పోయి ఫోన్ చేస్తారు, ఫోనేమో కొండల్లో పలకదు. ఈ పద్ధతి తెలిస్తే ఒకడి వెనక ఒకడు అతుక్కుని పోవాల్సిన పనే ఉండదు.

తిన్నగా ఉన్న రోడ్డు మీద ఒకడు కుడి పక్క ఒకడు ఎడమ పక్క ముందూ వెనకలుగా వెళ్ళొచ్చు, బొడ్డవర దాటి ఘాట్ మొదలయ్యాక మటుకు ఒక్క వరసే. ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి, అది రూలు కూడా. ఆర్టీసీ బస్సు హెయిర్‌పిన్ తిరిగేటప్పుడు మొత్తం రోడ్డు దానిదే, మీ లేను మీది అని పంతానికి పోవద్దు. 516ఈ హైవే పనులు జరిగిన చోట రోడ్డు మీద కంకర జారి ఉంటుంది, వంపులో ముందు బ్రేకు గట్టిగా పట్టారంటే అయిపోయినట్టే.

దిగేటప్పుడు న్యూట్రల్లో వేసి పెట్రోలు మిగుల్చుకునే మహానుభావులు మీ గుంపులో ఒకడైనా ఉంటాడు, వాణ్ణి పొద్దున్నే పక్కకి పిలిచి చెప్పండి. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు, ఇంజనే బండిని పట్టుకుంటుంది. యాక్టివాకి ఆ సౌకర్యం తక్కువ, ఇద్దరు కూచుని బ్రేకు పట్టుకునే దిగితే డ్రమ్ములు వేడెక్కి లివరు హ్యాండిల్ దాకా వచ్చేస్తది, అందుకని డముకు దగ్గర, టైడా దగ్గర పది పది నిమిషాలు ఆపండి. టీ తాగే వంకన ఆపితే ఎవరూ చిన్నబుచ్చుకోరు.

---

రెండోగేరు:

అందరూ బ్రేకులు, టైర్లు చెప్తారు గానీ ఆడవాళ్ళు ఎక్కడ బాత్రూంకి వెళ్తారు అని ఒక్కరూ రాయరు. గేర్‌పెడల్ గారూ, మీ 35 మందిలో ఎంతమంది ఆడవాళ్ళో లెక్కపెట్టారా? ఎస్.కోటలో టిఫిన్ హోటల్ పెట్టుకునేటప్పుడు ఇడ్లీ బాగుంటుందా అన్నది కాదు, శుభ్రమైన బాత్రూం ఉందా లేదా అన్నది ముందు ఎవరినైనా పంపి చూడండి. ఘాట్ మొదలయ్యాక ఇంక చెట్టూ పుట్టే. నీళ్ళు తాగితే ఇబ్బంది అని వెనక కూచున్న వాళ్ళు పొద్దున్నుంచి గుటక నీళ్ళు తాగరు, మధ్యాహ్నానికి తలనొప్పి, ఘాట్లో వాంతులు, అప్పుడేమో బండి పడదు అంటారు. బండి కాదు, మీరు ఆపకపోవడం.

వెనక కూచున్నవాళ్ళకి కూడా హెల్మెట్ తప్పనిసరి అని చెప్పండి. చట్టంలో ఉన్నదే, లేకపోతే 1000 రూపాయలు ఫైను, మూడు నెలలు లైసెన్సు కూడా పోవచ్చు. చున్నీ, చీర కొంగు చక్రంలో పడకుండా దోపుకోమనండి. చాలామందికి చెప్పాలంటే మొహమాటం.

ఇంక తిండి. కార్తీకం వాళ్ళకి ఇంటి నుంచి తీసుకెళ్ళడమే మంచిది, బండి మీద ఏది నిలుస్తుందో అదే చెయ్యాలి. సాంబారు, పప్పు, కూర అని మొదలుపెడితే మూత ఎంత బిగించినా ఘాట్లో 35 మందికీ వాసన తెలుస్తుంది. పులిహోర, దద్దోజనం, గారెలు, ఒక పచ్చడి చాలు. పులిహోర చింతపండుది చెయ్యండి, నిమ్మకాయది మధ్యాహ్నానికి చేదెక్కుతుంది. ఆవ పెట్టాలనుకుంటే ఆవముద్ద విడిగా చిన్న డబ్బాలో తీసుకెళ్ళి వడ్డించే ముందు కలపండి. దద్దోజనానికి అన్నం మెత్తగా వండి గోరువెచ్చని పాలు పోసి రెండు మూడు గరిటెలు పెరుగు మాత్రం కలిపి తాలింపు పెట్టండి, పన్నెండున్నరకి సరిగ్గా తోడుకుని ఉంటుంది, ఇంటి దగ్గరే మొత్తం పెరుగు పోసేశారంటే పులిసిపోయి ఎవరూ తినరు. అది ఏ బండి మీద పెడతారో కూడా ముందే అనుకోండి, సైలెన్సర్ పక్కన వేలాడే బ్యాగులో పెడితే దద్దోజనం ఉడికిపోతుంది.

ఇంకొకటి, పులిహోర ఎవరు చేస్తారు అనగానే ఆడవాళ్ళ వైపు చూడకండి. మా గ్రూపులో చీటీలు తీస్తాం, ఎవరి పేరు వస్తే వాళ్ళు చెయ్యాలి, చేతకాకపోతే వాళ్ళ డబ్బుతో కొనుక్కు రావాలి. కిందటిసారి రెండు గిన్నెలూ మగవాళ్ళకే పడ్డాయి, ఒకాయన వాళ్ళమ్మ చేత చేయించి తనే చేశానన్నాడు, అది వేరే కథ.

---

అరకు_కుర్రోడు:

నమస్తే అన్నయ్యలూ. మాది సుంకరమెట్ట దగ్గర. రెండు మూడు విషయాలు మా వైపు నుంచి చెప్తాను, ఏమీ అనుకోవద్దు.

కార్తీకం ఆదివారం అంటే మాకు జాతర. పొద్దున్న వైజాగ్ రైలు దిగినవాళ్ళు, బస్సులు, కార్లు, అందరూ ఒంటిగంటకి ఒకేసారి ఆకలి అంటారు. అప్పుడొచ్చి బొంగు చికెన్ 15 మందికి కావాలంటే గంట పైన కూచోవాలి, లేదంటే పొద్దున్న కాల్చి పక్కన పెట్టింది మళ్ళీ వేడి చేసి ఇస్తారు. ముందు చెప్పుకుంటే మీరు వచ్చే టైముకి నిప్పుల మీద ఉంటుంది. బొంగులో నూనె వెయ్యరు, చికెన్‌కి ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించి పచ్చి బొంగులో కూరి మూతి ఆకుతో కుక్కి నిప్పుల మీద తిప్పుతా ఉంటారు, బొంగులో తడికే ఉడుకుద్ది. ఎండిన బొంగైతే లోపల ఉడక్కముందే బొంగు అంటుకుంటాది. బయట నల్లగా మాడాక దింపి చీల్చి ఆకులో పోస్తే ఆవిరి వస్తది చూడండి, అదీ అప్పుడు తినాలి, చల్లారాక తింటే ఏముంది.

కార్తీకం వాళ్ళు పక్కనే కూచోవాలంటే రోడ్డు పక్క కొట్టు కుదరదు, పొగ, వాసన. ఎవరిదైనా తోట మాట్లాడుకోండి. మా వైపు ఇళ్ళ వెనక పనస చెట్లు, సిల్వర్ ఓకు చెట్లు ఉన్న జాగాలు ఉంటాయి, వనభోజనం కదా ఉసిరి చెట్టు కావాలంటే అది కూడా దొరుకుద్ది. ఒక పక్కన బొంగులు కాల్చుకోవచ్చు, ఇంకో పక్కన మీరు విస్తళ్ళు వేసుకోవచ్చు, చూపులో ఉంటారు గానీ వాసన తగలదు. ఆ ఇంటివాళ్ళకి జాగాకి, నీళ్ళకి కొంత ఇవ్వండి, బేరం ఆడొద్దు. అడవిలోకి పోయి మీరే పొయ్యి పెట్టొద్దు. కాఫీ తోటల్లో కూడా చాపలు వెయ్యొద్దు, ఇప్పుడు పళ్ళు పండే టైము, కొమ్మ విరిగితే ఆ కొమ్మ మీద పంట పోయినట్టే.

విస్తరాకుల బదులు వైజాగ్ నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు మొయ్యకండి, అడ్డాకులు కుట్టినవి సంతలో మా ఆడోళ్ళు అమ్ముతారు, అరకు సంత శుక్రవారం, నేను తెచ్చి పెడతాను. తిన్నాక ఆకులు మేకలు తినేస్తాయి. వాటర్ బాటిళ్ళు మటుకు ఎవరి బ్యాగులో వాళ్ళు పట్టుకుపోవాలి.

దారిలో కోతులు. గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర బండి మీద బ్యాగు వదిలేసి ఫొటో దిగడానికి వెళ్తే జిప్పు తీసి మరీ పట్టుకుపోతాయి. పులిహోర బండి దగ్గర ఒక మనిషి ఉండాల్సిందే. తర్వాత వలిసె పూలు, ఇప్పుడు చేలన్నీ పసుపు పచ్చగా ఉన్నాయి, అందరూ రోడ్డు మీదే టక్కున ఆపేసి దిగుతున్నారు, వెనక జీపులు వస్తాయి. అది నూనె గింజల పంట అన్నయ్యా, గార్డెన్ కాదు. గట్టు మీద నిలబడి తీసుకోండి, రైతు పదో ఇరవయ్యో అడిగితే ఇవ్వండి.

---

థంపర్_హైదరాబాద్:

స్వీప్ అన్న చెప్పిన పద్ధతి మంచిదే గానీ ఒక్క దగ్గర నేను ఒప్పుకోను. డ్యూక్ పోరగాళ్ళను యాక్టివా వెనక 110 కిలోమీటర్లు నడిపిస్తే ఏమైతదో తెల్సా, ఎస్.కోట దాటంగనే ఓవర్‌టేక్ చేసి ఉరుకుతరు, పైకెల్లి చిరాకుల ఇంక జోరుగ పోతరు. మేం శ్రీశైలం రోడ్డుకు పోయేటప్పుడు గట్ల పోయేటోళ్ళకు పని అప్పజెప్తం. పొద్దుగాల అందరికన్నా ముందు వాళ్ళనే తోలుడు, పోయి జాగా చూసుకోండ్రి, నీళ్ళ క్యాన్లు పెట్టించుండ్రి, బొంగులు నిప్పుల మీద ఎక్కించిండ్రా లేదా చూడుండ్రి అని. వంట వాళ్ళ మీద ఉంటే వాళ్ళే టైముకు ఉంటరు. మెయిన్ గుంపుకు వాళ్ళు కనపడనే కనపడరు, ఇగ పోటీ ఎవలతోని?

మాకు లంచ్ కంటే పెద్ద లెక్క మన్ననూరు గేటు. శ్రీశైలం పోయే రోడ్డు టైగర్ రిజర్వు లోపటికెల్లి పోతది, రాత్రి 9 నుంచి పొద్దుగాల 6 దాకా గేటు బంద్. గందుకే తిని లేచే టైము రాసిపెట్టుకుంటం. మీకు గేటు లేదు, గందుకే మీరే ఒక గేటు పెట్టుకోండ్రి, రెండున్నర అంటే రెండున్నర. తిన్నంక చెట్టు కింద నడుం వాలుస్త అనేటోడు ప్రతి గుంపుల ఉంటడు.

పైసల ముచ్చట. మనిషికింత అని ముందే ఫోన్‌ల వేయించుకోండ్రి, రానోడికి వాపస్ లేదు అని మొదటి మెసేజ్‌లనే రాయుండ్రి. 35 మంది అన్నరు గదా, పైసలు అడిగినంక 26 అయితరు చూడుండ్రి. అసలు లెక్క అదే.

---

స్వీప్‌లో_ఉంటా:

థంపర్ బ్రో, ముందు పంపడం నాకూ నచ్చింది, మా దగ్గర ఇంతవరకూ అలా చెయ్యలేదు. ఒక్క మాట కలపండి, ఇద్దర్నే పంపకుండా వాళ్ళతో హిమాలయన్ ఆయన్ని కూడా పంపండి, వయసులో కాస్త పెద్దవాడై ఉంటాడు అనుకుంటున్నాను. ఇద్దరు డ్యూకులు ఒంటరిగా ఖాళీ ఘాట్లో పొద్దున్నే పోతే ఏం చేస్తారో మనకి తెలీదా.

వెళ్ళేవాళ్ళు గంట ముందు వెళ్తే చాలు. మరీ చీకట్లో ఘాట్ ఎక్కించకండి.

---

గేర్‌పెడల్:

అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి గ్రూపులో డబ్బుల మెసేజ్ పెట్టాను, థంపర్ గారు చెప్పినట్టే అయింది, పొద్దున్నకి 28కి దిగింది, బళ్ళు 17. మంచిదే, మూడు గుంపులు కాస్తా రెండయ్యాయి. డ్యూక్ కుర్రాళ్ళకి భోజనం డ్యూటీ అనగానే ముందు మొహాలు వేలాడేశారు, గంట ముందు వెళ్ళొచ్చు అని తెలిశాక ఇప్పుడు వాళ్ళే ఫోన్ చేసి అన్నా బొంగులు ఎన్ని అని అడుగుతన్నారు. హిమాలయన్ ఆయనకి 52 ఏళ్ళు, స్టీల్‌ప్లాంట్‌లో సేఫ్టీ, వాళ్ళతో ఆయన వెళ్తారు.

రెండోగేరు గారూ, తొమ్మిది మంది ఆడవాళ్ళు, అందులో ఇద్దరు సొంత బళ్ళ మీద. ఎస్.కోటలో హోటల్ మా వాడొకడు రేపు చూసొస్తాడు, బాత్రూం తలుపుకి గడియ ఉందో లేదో కూడా చూడమన్నాను. చీటీలు తీశాం, దద్దోజనం నాకే పడింది. గోరువెచ్చని పాలు అంటే వేలు పెడితే కాలకూడదు అంతే కదా?

ఇంకొక్క డౌటు. తిరిగొచ్చేటప్పుడు పాడేరు మీదుగా దిగి మాడుగుల హల్వా కొనుక్కుని చోడవరం నుంచి వద్దాం అంటన్నారు కొందరు. ఇంకో ఇద్దరు పైన బీరు అన్నారు, లంచ్‌లో ఒక్కటే, దిగేసరికి దిగిపోద్ది అని.

---

స్వీప్‌లో_ఉంటా:

పాడేరు వద్దు. అరకు నుంచి పాడేరే 40 కిలోమీటర్ల పైన, ఆ తర్వాత మళ్ళీ ఇంకో ఘాట్, యాక్టివా బ్రేకులకి రెండు పరీక్షలు ఎందుకు. హల్వా కావాలంటే ఇంకో ఆదివారం దానికోసమే వెళ్ళండి.

బీరుకి నా దగ్గర ఒకటే సమాధానం, తాగినవాడి తాళం తీసుకుని వాణ్ణి ఆర్టీసీ బస్సు ఎక్కించండి. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసే, మొదటిసారి దొరికినా 10,000 ఫైను, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. పోలీసులు లేకపోయినా ఘాట్ ఉంటుంది. ఇది ఓటింగ్ పెట్టే విషయం కాదు.

---

రెండోగేరు:

కాలకూడదు, చల్లగానూ ఉండకూడదు. అన్నం వేడి మీద పెరుగు కలిపితే విరుగుతుంది, అన్నం కాస్త చల్లారనివ్వండి. అల్లం, పచ్చిమిర్చి సన్నగా తరిగి వెయ్యండి, దానిమ్మ గింజలు మటుకు అక్కడికెళ్ళాకే. సొంత బళ్ళ మీద వచ్చే ఆ ఇద్దర్లో ఒకళ్ళని వెనక స్వీప్‌గా పెట్టి చూడండి.

---

అరకు_కుర్రోడు:

అన్నయ్యా, జాగా మాట్లాడేశాను, ఉసిరి చెట్టు ఉంది గానీ చిన్నది, 28 మంది దాని కింద పట్టరు, పెద్దవాళ్ళు నలుగురు దాని కింద కూచుంటే మిగతావాళ్ళు పనస చెట్టు కింద. రోడ్డు నుంచి బళ్ళు లోపలికి వచ్చే దారి మట్టిది, వాన పడితే జారుద్ది, అప్పుడు బళ్ళు స్కూలు పక్కన పెట్టి నడవాలి, రెండు నిమిషాలే.

నీచు తినేవాళ్ళు కచ్చితంగా ఎంతమందో శుక్రవారం పొద్దున్న లోపు చెప్పండి. శనివారం బొంగులు కొట్టించాలి, మరీ ముందు కొడితే ఆరిపోతాయి.